కబురుకు పట్టే కాలం



ఆలస్యం అమృతం విషం అని మన పెద్దలు అన్నారు. ఆలస్యం చేస్తే అమృతమైనా విషమవుతుందని వాళ్ళ ఉద్దేశం. అయితే ఎంత ఆలస్యం అని అడిగిన వాళ్ళు తక్కువ. అలా అడిగి, గడియారం పెట్టి కొలిచిన కొందరి సంగతి ఈ పూట మనవి చేస్తాను. అందులో చాలా భాగం మన చుట్టుపక్కలే జరిగింది. మద్రాసు, బెంగళూరు, బళ్ళారి, కాకినాడ, ఇవీ ఈ కథలో వచ్చే ఊళ్ళు. మన ధర్మపురి కూడా చివరలో వస్తుంది.

ముందు నాకు ఈ ఆసక్తి ఎందుకు కలిగిందో చెప్పాలి. ధర్మపురి చుట్టుపక్కల నాలుగైదు బడులవాళ్ళం కలిసి పిల్లల మార్కులు, గ్రంథాలయం పుస్తకాల పద్దు ఒకే చోట దాచుకుంటున్నాం. ఆ చోటు చెన్నైలో అద్దెకు తీసుకున్న ఒక కంప్యూటరు. దాన్ని డేటాబేస్ సర్వర్ అంటారు. పెద్ద దస్త్రాల గది అనుకోండి, అడిగిన కాగితం వెతికి ఇచ్చే గుమాస్తాతో సహా. ఇక్కడ మేము ఒక పిల్లవాడి పేరు కొట్టి ఎదురుచూస్తాం, అక్కడినుంచి జవాబు వస్తుంది. కొన్నాళ్ళకు ఆ జవాబు రావడం మరీ ఆలస్యమైంది. పేరు కొట్టి, పక్క బల్ల మీది చాక్‌పీసులు సర్దుకుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. సర్వర్ చూసుకునే ఆసామి ఫోనులో, "మీ ఊరి లైను బాగాలేదండీ, కొత్త లైను వేయించుకోండి" అన్నాడు. తల్లిదండ్రుల సంఘం దగ్గర ఉన్న డబ్బంతా దానికే పోయేట్టుంది. కూలి నాలి చేసుకునేవాళ్ళు ఇచ్చిన డబ్బు అది. లైను బాగాలేదా, లేక ఆ గుమాస్తా మందకొడా? ఎలా తేలుతుంది?

సరిగ్గా ఇదే ప్రశ్న రెండువందల ఏళ్ళ క్రితం మద్రాసులో ఇంకో రూపంలో పుట్టింది.

మద్రాసు నుంగంబాకంలో 1792లో ఈస్టిండియా కంపెనీవారు ఒక నక్షత్రశాల కట్టారు. పరికరం నిలబెట్టడానికి వేసిన అక్కడి నల్లరాతి స్తంభం మీద, ఇతర భాషలతో పాటు తెలుగులో కూడా శాసనం చెక్కించారు. ఆ నక్షత్రశాలను చాలా ఏళ్ళు నడిపినవాడు జాన్ గోల్డింగ్‌హామ్. ఈనాడు రాజాజీ హాలు అని పిలుచుకుంటున్న భవనానికి నమూనా గీసిన ఇంజనీరు కూడా ఆయనే. అప్పట్లో సెయింట్ జార్జి కోటలోనూ, పరంగిమలలోనూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫిరంగి పేల్చేవారు. నక్షత్రశాలకు కోట రెండున్నర మైళ్ళ పైచిలుకు దూరం. పరంగిమల ఐదున్నర మైళ్ళు. ఫిరంగి మెరుపు కంటికి వెంటనే కనిపిస్తుంది. మోత చెవికి తరవాత చేరుతుంది. పరంగిమల మోత రావడానికి ఇంచుమించు 25 సెకన్లు పడుతుంది. ఆ ఎడాన్ని 1820, 1821 సంవత్సరాల్లో గోల్డింగ్‌హామ్ మనుషులు గడియారాలతో వందలసార్లు కొలిచారు. 1823లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ లెక్కలు అచ్చయ్యాయి.

ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా అన్ని వందలసార్లు ఎందుకు? ధ్వని వేగం ఏ రోజూ ఒకేలా ఉండలేదు గనుక. ఎండాకాలం ఒక లెక్క, వానాకాలం ఒక లెక్క. గాలి ఎదురైతే ఒకటి, వెనకనుంచి తోలితే ఒకటి. వేడిమి, తేమ, గాలి అన్నీ పక్కన రాసుకుంటూ నెలవారీగా సరాసరి తీశారు. ఒకే ఒక కొలత చూసి తీర్పు చెప్పకూడదని తెలిసిన మనుషులు వాళ్ళు. మా సర్వర్ ఆసామి ఒక్కసారి చూసి మా లైను బాగాలేదన్నాడని ఇందాక చెప్పాను కదా, ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఈ పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది. మెరుపు చేరే కాలం మన లెక్కకు సున్న. కనక ఒకే గడియారం చాలు. కానీ కబురే మెరుపంత వేగంగా పోతే?

ఆ సంగతికి వచ్చే ముందు కబురు నిదానంగా పోయిన రోజుల ముచ్చట ఒకటి చెప్పాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగుదేశం మీదుగా సాగింది. ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరులో దుర్భిణి నిలిపాడు. మద్రాసు నక్షత్రశాల సహాయకుడు చింతామణి రఘునాథాచారి అదే గ్రహణాన్ని వనపర్తినుంచి చూశారు. అంతకు ముందు ఏడాదే ఆయన కొత్త చరకాంతి నక్షత్రం ఒకటి కనిపెట్టారు. ఆ ఉద్యోగంలో ఉన్న మన దక్షిణాది పండితుల్లో అంతటి వాడు మరొకరు లేరని నా అభిప్రాయం. సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేని రోజున కూడా చూడవచ్చునని జాన్సెన్ గుంటూరులో మర్నాడే కనిపెట్టాడు. ఆ సంగతి సెప్టెంబరు 19న కాకినాడనుంచి పారిస్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం పడవల్లో ప్రయాణం చేస్తూ ఉండగా, ఇంగ్లండులో లాకియర్ అనే ఆయన అక్టోబరు 20న సొంతంగా అదే సంగతి కనిపెట్టి, తనూ పారిస్‌కు కబురు పంపాడు. రెండు కబుర్లూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో చదివారు. కాకినాడ ఉత్తరానికి ముప్పై ఏడు రోజులు పట్టింది, లాకియర్ కబురుకు వారం కూడా పట్టలేదు. ఎవరు ముందు అన్న తగువు రాకుండా, ఇద్దరి బొమ్మలూ కలిపి ఫ్రాన్సువారు ఒక పతకం పోయించారు. కబురు ఎప్పుడు చేరిందో చూసి ఎప్పుడు బయలుదేరిందో చెప్పలేమని ఆ పతకం చూస్తే అర్థమవుతుంది.

ఇక తంతి. మన దేశంలో తంతి తీగలు 1850 తరవాత వేశారు. 1855 ఫిబ్రవరిలో ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. కబురు తీగమీద చిటికెలో పోతుందని జనం అబ్బురపడ్డారు. చిటికె అంటే ఎంత అని అడగవలసిన అవసరం సర్వే శాఖవారికి వచ్చింది.

ఎందుకంటే, ఒక ఊరు మరో ఊరికి ఎంత పడమరగా ఉందో తెలియాలంటే రెండు ఊళ్ళ సూర్యకాలాల తేడా తెలిస్తే చాలు. మద్రాసులో నడినెత్తికి వచ్చిన నక్షత్రం మన ధర్మపురి నడినెత్తికి రావడానికి సుమారు ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున లెక్కిస్తే, మనం మద్రాసుకు రెండు డిగ్రీల పైచిలుకు పడమర. కనక మద్రాసు గడియారం ఎంత అయిందో తంతి ద్వారా ఇక్కడికి చెబితే పని అయిపోతుంది. కానీ ఆ కబురు దారిలో కొంత ఆలస్యం చేస్తుంది కదా! ఆ ఆలస్యం కూడా దూరంలో కలిసిపోతుంది. మన అక్షాంశంలో ఒక సెకను తప్పితే ఊరు నాలుగువందల యాభై మీటర్లు పక్కకు జరుగుతుంది. సెకనులో పదో వంతు తప్పినా నలభై ఐదు మీటర్లు. త్రిభుజాలు గీసి అంగుళాలతో సహా దేశాన్ని కొలిచిన సర్వేవారికి అది చిన్న తప్పు కాదు.

1875నుంచి క్యాంబెల్, హెవిసైడ్ అనే ఇద్దరు సైనికాధికారులు ఈ పనికి దిగారు. మద్రాసు, బెంగళూరు, మంగళూరు, బళ్ళారి, హైదరాబాదు, విశాఖపట్నం, బొంబాయి, ఇలా ఊరూరా గుడారాల్లో దుర్భిణి నిలబెట్టుకుని, తంతి తీగ అందులోకి లాక్కుని, రాత్రుళ్ళు కూర్చున్నారు. నక్షత్రం దుర్భిణిలోని సన్నటి దారాన్ని దాటగానే ఒకాయన మీట నొక్కుతాడు. ఆయన దగ్గర తిరుగుతున్న కాగితపు డోలు మీద చుక్క పడుతుంది. తీగ అవతల వందల మైళ్ళ దూరంలో రెండో ఆయన డోలు మీద కూడా చుక్క పడుతుంది, రవ్వంత ఆలస్యంగా. ఆ రవ్వంతను పట్టుకోవడమే అసలు పని.

దాన్ని పట్టుకున్న ఉపాయం మా ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యేటంత తేలిక. ఊహకు ఒక లెక్క చెబుతాను, చేతిలో కాగితం ఉంటే రాసుకోండి. కబురుకు పట్టే కాలం సెకనులో పదో వంతు అనుకుందాం. మద్రాసు గడియారంలో సరిగ్గా తొమ్మిది కొట్టగానే అక్కడినుంచి కబురు. ధర్మపురిలో అప్పుడు ఎనిమిది గంటల యాభై ఒక్క నిమిషాల నలభై సెకన్లు. కానీ కబురు పదో వంతు ఆలస్యంగా చేరింది కనక, ఇక్కడివాడు నలభై పాయింటు ఒకటి అని రాసుకుంటాడు. తేడా ఎనిమిది నిమిషాల పంతొమ్మిది పాయింటు తొమ్మిది సెకన్లని తేలింది. ఇప్పుడు తిరగేయండి. ధర్మపురి గడియారంలో తొమ్మిది కాగానే ఇక్కడినుంచి కబురు. మద్రాసువాడు రాసుకునేది తొమ్మిది గంటల ఎనిమిది నిమిషాల ఇరవై పాయింటు ఒకటి. ఈసారి తేడా ఎనిమిది నిమిషాల ఇరవై పాయింటు ఒకటి. రెండూ కూడి సగం చేస్తే ఎనిమిది నిమిషాల ఇరవై, ఆలస్యం మాయం. ఒకదానినుంచి ఒకటి తీసి సగం చేస్తే పాయింటు ఒకటి, అదే కబురుకు పట్టిన కాలం. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే ఆలస్యం ఉండాలి, అదొక్కటే షరతు. ఈ లెక్కతో వాళ్ళు నేలమీది తీగల్లో కబురు కాలాన్ని సెకనులో వందో వంతుల దాకా పట్టుకున్నారు. మూడేసి ఊళ్ళను త్రిభుజంగా తీసుకుని, ఒక ఊరినుంచి బయలుదేరి తిరిగి అదే ఊరికి వచ్చేసరికి తేడాలన్నీ కలిపి సున్న వస్తుందా అని కూడా సరిచూసుకున్నారు. రాకపోతే మళ్ళీ మొదలు. ఆ వివరాలన్నిటితో సర్వే శాఖ 1883లో పెద్ద గ్రంథమే వేసింది. తరవాత 1890 దశకంలో ఇంగ్లండుదాకా తంతి కొలతలు పూర్తయ్యాక, మన దేశపటాల్లో ఊళ్ళన్నీ సుమారు రెండున్నర కళలు ఎక్కువ తూర్పుకు గీసి ఉన్నాయని తేలింది. అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు!

ఇక్కడ ఇంకో సంగతి. తీగ ఆలస్యం తీసేశాక కూడా లెక్కలో కొంత మిగిలింది. అది మనిషి ఆలస్యం. కన్ను చూసి, బుద్ధి గ్రహించి, వేలు మీట నొక్కేలోపల కొంత కాలం పోతుంది, అదీ మనిషికొక తీరు. ఇది తెలియక ఒక పాపం జరిగింది. 1796లో ఇంగ్లండులోని గ్రీనిచ్ నక్షత్రశాల అధిపతి మాస్కెలిన్, తన సహాయకుడు కిన్నెబ్రూక్ నక్షత్రాల సమయాలను తనకంటే దాదాపు ముప్పావు సెకను ఆలస్యంగా రాస్తున్నాడని, పని చేతకాదని తీసేశాడు. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. ఇద్దరి కళ్ళూ వేళ్ళూ వేరు, అంతే. బెస్సెల్ అనే జర్మను పండితుడు ఆ సంగతి తేల్చేసరికి పాతికేళ్ళు దాటింది. క్యాంబెల్, హెవిసైడ్ మాత్రం తమ ఇద్దరి చేతివాటం తేడాను ముందుగానే కొలుచుకుని లెక్కలోంచి తీసేశారు. ఆలస్యం కనబడగానే ఎవరిదో ఒకరిది అనేయడం సులువు. ఎంత ఎవరిదో విడదీయడమే కష్టం.

తంతి పుణ్యమా అని మద్రాసు కాలం ఊరూరికీ వ్యాపించింది. 1870 ప్రాంతంనుంచి రైళ్ళన్నీ మద్రాసు కాలం మీద నడిచాయి. మొరప్పూరు స్టేషను గడియారం మద్రాసు కాలం చూపించేది. ధర్మపురిలో నీడ చూసుకుని బండి కట్టినవాడు ఎనిమిది నిమిషాలు వెనకబడి ఉండేవాడన్నమాట. 1906 జనవరి 1నుంచి ఇప్పటి భారత కాలం వచ్చింది. దాని ప్రకారం మన ఊళ్ళో సూర్యుడు సగటున పన్నెండుంబావు దాటిన తరవాతగానీ నడినెత్తికి రాడు. తంతి ఆఫీసులు మాత్రం 2013 జులైదాకా ఉన్నాయి. ఆ నెల 14న ఆఖరి తంతులు తీసుకున్నారు.

కంప్యూటర్ల కాలం వచ్చాక కథ మళ్ళీ మొదటికి వచ్చింది. ఒక కంప్యూటరునుంచి ఇంకో కంప్యూటరుకు కబురు పోతుందా, ఎంతసేపట్లో పోతుంది? 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో మైక్ మూస్ అనే ఆయన, లైను సరిగా పనిచేయక విసిగిపోయి, ఒక రాత్రి కూర్చుని చిన్న ప్రోగ్రాము రాశాడు. దాని పేరు పింగ్. జలాంతర్గాములను వెతికే ఓడలు నీటిలోకి మోత వదిలి ప్రతిధ్వని వినేటప్పుడు వచ్చే శబ్దం పేరు అది. బావిలోకి తొంగిచూసి "ఓ" అని అరచి, తిరిగి వచ్చే "ఓ" కోసం ఎదురుచూసే పిల్లవాడి పనే ఇదీనూ. బయలుదేరిన కాలమూ, తిరిగి వచ్చిన కాలమూ ఒకే గడియారంలో చూసుకుంటాం. క్యాంబెల్, హెవిసైడ్‌ల లాగా రెండు గడియారాలు కలుపుకునే తంటా లేదు. అయితే పోవడానికి ఎంత, రావడానికి ఎంత అన్నది విడిగా తెలియదు. సగం సగం అనుకోవలసిందే. కంప్యూటర్ల గడియారాలను కలిపే ఏర్పాటును 1985లో డేవిడ్ మిల్స్ అనే ఆయన చేశాడు. అందులో లెక్క చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. రెండు వైపులా కబురు పంపు, కూడి సగం చెయ్యి, తీసి సగం చెయ్యి. మన బళ్ళారి గుడారంలో వేసిన లెక్కే!

ఇక మా బడి సంగతి. మా పాత విద్యార్థి ఒకడు హోసూరులో ఉద్యోగం చేస్తున్నాడు. బర్గూరు దగ్గరి తెలుగు పిల్లవాడు. సెలవులకు వచ్చినప్పుడు నా గోడు విని, "అనుకోవడం ఎందుకు సార్, కొలుద్దాం" అని ఇరవై వరుసల స్క్రిప్టు ఒకటి రాశాడు. రేడియోవారు నాచేత చదివిస్తున్న ఈ కాగితాన్ని కూడా స్క్రిప్టే అంటారు, కానీ ఆ స్క్రిప్టు కంప్యూటరు చదివి, చెప్పిన పని చెప్పినట్టు చేసేది. అది పది నిమిషాలకు ఒకసారి లేచి మూడు పనులు చేస్తుంది. మొదటిది, సర్వర్ తలుపు తట్టి, లోపలినుంచి "ఎవరు" అనేదాకా ఎంతసేపో చూడడం. రెండోది, గుమాస్తాను "ఒకటి అను" అని అడగడం. వెతకవలసిన దస్త్రం ఏదీ లేదు, ఒకటి అనడమే. మూడోది, మేము రోజూ అడిగేదే, ఫలానా పిల్లవాడి మార్కులు. మూడింటికీ పట్టిన కాలం ఒక పట్టికలో రాస్తుంది. తలుపు తట్టడమే ఆలస్యమైతే తప్పు లైనుది. అది చురుగ్గా ఉండి, మూడోది ఒక్కటే ఆలస్యమైతే తప్పు దస్త్రాల గదిది.

మొదటి రోజు అంకెలు చూసి నేను తొందరపడ్డాను. ఒకసారి తలుపు తట్టడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. లైనే తప్పు అనుకున్నాను. "సార్, గోల్డింగ్‌హామ్ ఒక్క ఫిరంగి విని ఊరుకున్నాడా?" అన్నాడు వాడు. ఆ కథ వాడికి చెప్పినవాణ్ణి నేనే. వారం రోజులు ఆగాం. వెయ్యి కొలతలు వచ్చాయి. సరాసరి తీస్తే ఆ తొమ్మిది సెకన్లలాంటివి నాలుగైదు మొత్తాన్ని పైకి లాగేస్తాయి. కనక అంకెలన్నీ చిన్ననుంచి పెద్దకు వరసగా పేర్చి నడిమి అంకె తీసుకున్నాం. లెక్కల పుస్తకంలో మధ్యగతం అని పిల్లలకు చెప్పేది అదే.

మనకూ చెన్నైకీ మధ్య దూరం సుమారు 300 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి మూడు మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతులు మూడు. ఎంత డబ్బు పోసినా అంతకు తక్కువలో ఎవరూ తేలేరు. మాకు తలుపు తట్టడానికి వచ్చిన నడిమి అంకె 18. తీగ తిన్నగా పోదు, దారిలో ఎన్నో యంత్రాల దగ్గర ఆగుతుంది, కనక అది మంచి అంకే. "ఒకటి అను" అంటే 19. మార్కులు అడిగితే 4,200. నాలుగు సెకన్ల పైన!

ఆ పట్టిక అచ్చు తీసి సర్వర్ ఆసామికి పంపాం. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఆయనే ఫోను చేశాడు. దస్త్రాల గదిలో పిల్లల పేర్లకు సూచిక వేయడం మరచిపోయారట. సూచిక లేని నిఘంటువులో ఒక మాట కోసం మొదటి పేజీనుంచి వెతుక్కున్నట్టు, ఒక్కొక్క పేరుకూ గుమాస్తా మొత్తం తిరగేస్తున్నాడు. సూచిక వేశాక అదే ప్రశ్నకు 26 మిల్లీసెకన్లు. సంఘం డబ్బు సంఘం దగ్గరే ఉంది. దానితో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళ తొట్టి కట్టించాలని మొన్నటి సమావేశంలో తీర్మానం చేశారు.

ఆ స్క్రిప్టును మేము ఆపలేదు. గదిలో ఒక మూల పాత కంప్యూటరులో పది నిమిషాలకు ఒకసారి లేచి కొలుస్తూనే ఉంది. తొప్పూరు కనుమ వైపు వాన దట్టించిన రాత్రుల్లో ఆ 18 కాస్తా 60, 70 అవుతుంది. తెల్లారేసరికి మళ్ళీ 18. నేను రోజూ బడికి రాగానే హాజరు పట్టీకంటే ముందు ఆ పట్టిక చూస్తున్నాను. పక్కన వాన పడిందా లేదా అని కూడా రాసి పెడుతున్నాను.